కింది గడియ

పాత వంతెన మీదుగా నీళ్ళు పోయి, మా షెడ్డులో నడుములోతు నిలిచిన వరద ఉందే, ఆ వరద తర్వాత మూడో ఏడు జరిగింది ఇది. ఆ నీళ్ళలో నానిన దూలాలు కొన్ని అప్పటికింకా ఆరుతూనే ఉన్నాయి. పైకి ఎండినట్టే కనపడేవి. రంపం పెడితే లోపల చెమ్మ తగిలేది.

నేను తలుపులు చేస్తాను. తలుపులు, కిటికీలు, ద్వారబంధాలు. మంచాలు చెయ్యమని ఎవరైనా వస్తే చెయ్యనంటాను. ఎందుకని అడిగితే ఏమీ అనను. మా ఆవిడ దీనికి నవ్వేది. "ఈయన నోట్లోంచి మాట రావాలంటే ఉలి పెట్టి తవ్వాలి" అనేది వచ్చినవాళ్ళతో. ఆవిడ మాత్రం మాట్లాడుతూనే ఉండేది. కూరగాయల బండివాడితో, మేడమీద వాళ్ళతో, ఎవరూ లేకపోతే పొయ్యి మీది గిన్నెతో. "పొంగితే చూడు నీ పని చెప్తాను" అని పాలగిన్నెని బెదిరించేది. మా ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ ఆవిడే వాడుకునేది. నాకు అది బాగానే ఉండేది.

ఇల్లు వీధి వైపు, షెడ్డు వెనక. మధ్యలో పెరడు. పెరటి తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. చెక్క దించుకోవడానికి షెడ్డుకి వెనక సందులోకి వేరే దారి ఉంది. వీధి తలుపు నేను పెళ్ళయిన ఏడాది చేసింది. కథంతా ఆ తలుపు దగ్గరే కాబట్టి అది ఎట్లా ఉంటుందో చెప్పాలి.

కళ్ళెత్తున దానికి అరచెయ్యంత చిన్న కిటికీ పెట్టాను. లోపలివాళ్ళు దాని పలక జరిపి వచ్చినవాళ్ళ మొహం చూస్తారు, ఆ తర్వాత తలుపు తీస్తారు. మా ఇంటికి వచ్చేవాళ్ళెవరూ బయటినుంచి నోటితో పిలవరు. గొళ్ళెం ఆడిస్తారు. పాలవాడికి తెలుసు, మీటరు చూసేవాడికి తెలుసు, మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ అలవాటు. కొత్తవాళ్ళకి మా ఆవిడే చెప్పేది: "మా తలుపుకి చెవుడు బాబూ, పిలిస్తే వినపడదు. గొళ్ళెం ఆడించు." నవ్వుతూ చెప్పేది కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. ముసలావిడకి దొంగల భయం అనుకునేవారు.

ఇంకొకటి. ఆ తలుపుకి పై గడియ ఉంది, కింది గడియ లేదు. కింద, గడపకి జానెడు ఎత్తున, మరలు దిగిన రంధ్రాలని చెక్క మేకులతో మూసి చిత్రిక పట్టాను. తెలిసినవాళ్ళు వెతికితేనే దొరుకుతాయి.

ఆ గడియ మొదట బిగించింది కూడా నేనే. బిగించి, ఎట్లా జరుగుతోందో మా ఆవిడని చూడమన్నాను. అప్పటికి కొత్త పెళ్ళికూతురు. వంగి గడియ మీద చెయ్యి వేసి అక్కడే కూలబడింది. యుద్ధంలో వాళ్ళింట్లో జరిగింది అప్పుడు చెప్పింది నాకు. ఒక్కసారే చెప్పింది. నేను మరలు విప్పి గడియ తీసేశాను. ఆ తర్వాత ఆ ప్రస్తావన మా ఇద్దరి మధ్య రాలేదు. కూతురికి చెప్పడం ఆవిడకి ఇష్టం లేదు. ఆవిడ కథ ఆవిడది.

మా అమ్మాయి కూతురు ఆ ఏడు మా దగ్గరే ఉండేది. అందరం పిట్ట అంటాం. సన్నగా ఉంటుంది, ఒకచోట కుదురుగా ఉండదు, అమ్మమ్మ పోలిక, నోరు ఆగదు. అట్టపెట్టెలు అచ్చువేసే ప్రెస్సులో బొమ్మలు గీసే ఉద్యోగం. బిస్కెట్ పెట్టె మీద గోధుమ కంకి, సబ్బుపెట్టె మీద పువ్వు. ఆ ప్రెస్సు మా ఇంటికి దగ్గర. అమ్మమ్మా మనవరాలూ చేరితే నేను షెడ్డులో ఉండటమే నయం. "తాతయ్యకి మాటలు రేషన్ మీద ఇస్తారు అమ్మమ్మా, నెలాఖరు కదా, అయిపోయినట్టున్నాయి" అనేది పిట్ట. "ఆ కార్డు మీద సరుకు తెచ్చుకుంటే కదే. ఎప్పుడో రద్దయిపోయింది" అనేది మా ఆవిడ.

సాయంత్రాలు పిట్ట కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో యుద్ధం ఆట ఆడుతుందని మాత్రమే నాకు తెలుసు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడేది, చప్పుడు మాకు వచ్చేది కాదు. మిగతాదంతా తర్వాత తెలిసింది. తర్వాత తెలిసిందే ఇక్కడ ముందు చెప్తున్నాను, లేకపోతే అర్థం కాదు.

ఆట ఏదో కంపెనీది. కానీ ఆడేవాళ్ళు దానికి కొత్త దళాలూ బట్టలూ వీధులూ సొంతంగా తయారుచేసి తగిలించుకోవచ్చట. అట్లా చేసుకునేవాళ్ళది ఒక గుంపు. చాలామంది మొహాలు చూసుకోనివాళ్ళే, అయినా స్నేహితులు. అందులో మా పిట్టకి మంచి పేరు. ఆ ఏడు పిట్ట ఆ ఆట కోసం బూడిదకోట్లని చేసింది.

బూడిదకోట్లంటే యుద్ధంలో మన వైపు పోరాడిన దళం. నది వంతెన దగ్గర శత్రువుని ఆపారు, చాలామంది అక్కడే చచ్చిపోయారు. దానికి వాళ్ళ పేర రాతిస్తంభం ఉంది, ఏటా పూలు పెడతారు. వంతెనకి ముందు వాళ్ళు ఇంకో పని కూడా చేశారు. శత్రువుకి అన్నం పెడుతున్నారని ఏ వీధి మీద అనుమానం వస్తే ఆ వీధిలోకి వచ్చి మగవాళ్ళని తీసుకుపోయేవారు. పోయినవాళ్ళు తిరిగి రాలేదు. దానికి స్తంభం లేదు. తలుపులు పగలగొట్టాల్సిన పని వాళ్ళకి ఉండేది కాదు. మన భాషే కదా వాళ్ళదీ. తలుపు దగ్గర నిలబడి మెల్లిగా పిలిచేవారు.

గుంపులో కొందరికి ఆ దళమంటే మోజు. కోటు అందంగా ఉంటుంది, వంతెన కథ అందంగా ఉంటుంది. కొందరు ఆ పేరే ఆటలోకి రానివ్వకూడదన్నారు. వారాల తరబడి టైపు కొట్టుకుంటూ తిట్టుకున్నారు. పిట్ట మధ్యలోకి వెళ్ళింది. పెడదాం, పెడితే మొత్తం పెడదాం, వంతెన ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు అంది. పాత గొంతులు దాచిపెట్టే గ్రంథాలయం ఒకటుంది. అక్కడికి పోయి, ఎవరో ముసలామె ఎప్పుడో చెప్పి రికార్డు చేయించినది విన్నది. వాళ్ళు ఏమని పిలిచేవారో ఆ ముసలామె చెప్పింది.

"అత్తా, తలుపు తియ్యి. నేనే."

ఆ రోజుల్లో ప్రతి వీధిలోనూ ఎవరో ఒక అల్లుడో మేనల్లుడో ఎక్కడో దాక్కుని తిరుగుతుండేవాడు. ఏదో ఒక ఇంట్లో ఒక అత్త వాడి కోసం అన్నం మూతపెట్టి కూర్చునేది. పేరు తెలియాల్సిన అవసరం లేదు. ఆ ఒక్క పిలుపు ఏ తలుపు దగ్గరైనా పనిచేసేది.

పిట్ట ఆ పిలుపుని ఆటలో పెట్టింది. బూడిదకోటు వేసుకున్నవాడు ఒక ఇంటి ముందుకి పోతే ఆ మాట అంటాడు, తలుపు తెరుచుకుంటుంది. గొంతు ఇచ్చింది గుంపులో అందరూ మేజర్ అని పిలిచే అతను. సైన్యం మొహం ఎరగడు, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. గొంతు మాత్రం తేనె. బెదిరింపుగా వద్దు, ఆకలితో వచ్చిన సొంతమనిషి పిలిచినట్టు పిలువు అని పిట్టే నేర్పించిందట.

విన్నవాళ్ళు ఉలిక్కిపడాలని పెట్టింది. మొదట ఉలిక్కిపడ్డారు కూడా. కొన్నాళ్ళకి అది పలకరింపు అయిపోయింది. ఆటలోకి వచ్చినవాడు "అత్తా తలుపు" అంటే మిగతావాళ్ళు "తీశాం తీశాం, రా" అనేవారు. పిట్ట కూడా అనేది. రోజూ వింటే ఏ మాటైనా అరిగిపోతుంది.

ఒక ఆదివారం ఆ గుంపంతా ఏదో హాల్లో కలుసుకోవాలనుకున్నారు. కోట్లు కుట్టించుకున్నారు. పిట్టని స్కూటర్ మీద తీసుకుపోవడానికి మేజర్ మా ఇంటికి వచ్చాడు. ఎండ బాగా ఎక్కింది అప్పటికి. పిట్ట తలస్నానం చేస్తోంది. మా ఆవిడ వంటింట్లో పాత్రల్ని తిడుతోంది. నేను షెడ్డులో, ఒక క్లినిక్‌కి చెయ్యాల్సిన తలుపుకి చిత్రిక పడుతున్నాను.

వీధి వైపు నుంచి వినపడింది. "అత్తా, తలుపు తియ్యి. నేనే."

మా ఆవిడ గొంతులో తప్ప ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు, అదీ ఒక్కసారి, ఎన్నో ఏళ్ళ కింద. చిత్రిక ఆగిపోయింది. వంటింట్లో మాటలు కూడా ఆగిపోయాయి.

పెరడు దాటాను. పెరటి తలుపులోంచి చూస్తే వీధి తలుపు తిన్నగా కనపడుతుంది. మా ఆవిడ దాని ముందు మోకాళ్ళ మీద ఉంది. ఆ మోకాళ్ళు వంగక ఏళ్ళయింది. కింద కూర్చోవద్దని డాక్టర్ చెప్పాడు. చిన్న కిటికీ తెరవలేదు. చెయ్యి తలుపు అడుగున తడుముతోంది. గడియ కోసం. చెక్క మేకుల మీదుగా వేళ్ళు పోతున్నాయి, వెనక్కి వస్తున్నాయి, మళ్ళీ పోతున్నాయి.

బయట అతను నవ్వాడు. "ఆకలేస్తోంది అత్తా, తియ్యి."

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. లేచి, తలుపు తెరిస్తే వచ్చి ఆనే మూల ఉంటుంది కదా, అక్కడికి పోయి గోడకి అతుక్కుని నిలబడింది.

తీయకపోతే ఇంకోసారి పిలుస్తాడు. వెళ్ళి తీశాను. తలుపు వెళ్ళి ఆవిడని కప్పేసింది. గడపలో లావుపాటి మనిషి, గుండ్రటి మొహం, చెమట్లు. ఒంటి మీద బూడిదరంగు కోటు, ఇత్తడి బొత్తాలు. "బాగున్నారా తాతగారూ, పిట్ట తయారయిందా?" అన్నాడు.

"గొళ్ళెం ఆడించాలి" అన్నాను.

పిట్ట తడిజుట్టుతో వచ్చింది. మేజర్ కోటు చూసి ఈల వేసింది. బొత్తాలు పెట్టుకుంటే పొట్ట లోపలికి పోతుందనుకున్నాను గానీ పోలేదంది. అతనూ నవ్వాడు. అమ్మమ్మకి చూపించాలి, అమ్మమ్మ ఏదని అడిగింది. నేను తలుపుని కొంచెం ఇవతలికి లాగాను.

మా ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. అరచేతులు రెండూ గోడకి ఆనించి ఉన్నాయి.

దాగుడుమూతలు అనుకుంది పిట్ట. నవ్వబోయి ఆగింది.

"పోయారా?" అంది మా ఆవిడ. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"ఎవరు అమ్మమ్మా?"

"కింది గడియ నేనే తీశాను. అమ్మ వంగలేదు కదా, కడుపుతో ఉంది. నన్ను తియ్యమంది. నేనే తీశాను."

పిట్ట నా వైపు చూసింది. తలుపు అడుగు వైపు చూసింది. ఆ తర్వాత అతని కోటు వైపు. ఎవరూ ఏమీ చెప్పలేదు దానికి. తెలివైన పిల్ల. అతని దగ్గరికి పోయి చెవిలో ఏదో అంది. అతను వెంటనే వీధిలోకి దిగి, కోటు విప్పి, లోపలి గుడ్డ పైకి వచ్చేట్టు మడిచి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. స్కూటర్‌ని వీధి చివరిదాకా నడిపించుకునే పోయాడు, చప్పుడు చెయ్యకుండా.

మా ఆవిడని పడుకోబెట్టాం. మధ్యాహ్నం పిట్ట షెడ్డులోకి వచ్చి పొట్టు మీద కూర్చుంది. అడక్కముందే చెప్పాను. నేను అంత మాట్లాడటం పిట్ట ఎప్పుడూ వినలేదు. మా ఆవిడ అప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ తన మేనల్లుడి కోసం ఎదురుచూస్తోంది. వాడికి అన్నం తీసిపెట్టింది. పిలుపు వినపడింది. పై గడియ వాళ్ళమ్మ తీసింది, కింది గడియ ఈ పిల్ల తీసింది. బూడిదకోట్లు తలుపు నెట్టుకుని లోపలికి వస్తే ఆ తలుపు వెనకే పడిపోయింది పిల్ల, ఎవరికీ కనపడలేదు. తండ్రినీ అన్ననీ తీసుకుపోయారు. తల్లి వాళ్ళ వెంట వీధిలోకి పరిగెత్తింది. పొరుగామె వచ్చి తలుపు లాగి చూసేదాకా పిల్ల అక్కడే ఉంది. వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు. తల్లి కూడా.

పిట్ట చాలాసేపు పొట్టుని గుప్పిట్లోకి తీసుకుని వదులుతూ కూర్చుంది.

"నిజం ఉండాలనే పెట్టాను తాతయ్యా. ఆ పిలుపు లేకపోతే వాళ్ళు ఉత్త కోట్లు. వంతెన ఒక్కటే చూపిస్తే అబద్ధం అవుతుంది కదా."

"అవుతుంది" అన్నాను.

"మరి నేను పెట్టడం తప్పా?"

తెలిస్తే చెప్పేవాణ్ణి. తెలీదన్నాను.

ఆ రోజునుంచి మా ఆవిడ మాట్లాడటం మానేసింది. వంట చేసేది, బట్టలు ఆరేసేది, నోరు మాత్రం విప్పేది కాదు. పాలగిన్నె పొంగి పొయ్యి ఆరిపోయేది, చూస్తూ ఉండేది. గొళ్ళెం ఆడిన చప్పుడైతే చాలు, తలుపు వెనక మూలకి పోయి నిలబడేది. పాలవాడైనా అంతే. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఉన్నన్నాళ్ళు ఉండి, ఏడ్చి, పోయింది. డాక్టర్ నిద్రకి మాత్రలు రాశాడు. నిద్ర కాదు కావలసింది. ఆవిడని ఆ మూలలోంచి ఇవతలికి తేవాలి. ఎట్లా తేవాలో నాకు తోచలేదు. చెడిన తలుపైతే బందులు విప్పి చూస్తాను.

పిట్ట ఆ గుంపుకి రాసింది, జరిగింది జరిగినట్టు. కొంతమంది బాధపడ్డారు. ఆటని ఆటగా చూడాలని కొంతమంది అన్నారు. మీ అమ్మమ్మని ఆడొద్దని చెప్పు అని ఒకడు రాశాడు. ఇంకొకడు, ఆ పిలుపు తీసేస్తే చరిత్రని దాచిపెట్టినట్టే, నువ్వే కదా అన్నావు అని పిట్ట మాటల్ని పిట్టకే అప్పజెప్పాడు. పిట్ట తను చేసిందంతా తీసేసింది. కోట్లు, వీధి, పిలుపు, అన్నీ. తెల్లవారేసరికి ఇంకెవడో తన దగ్గరున్న నకలు పెట్టాడు. పిట్ట పేరు కూడా అట్లాగే ఉంచాడు, గౌరవంగా.

మేజర్ ఒకరోజు వెనక సందులోంచి షెడ్డుకి వచ్చాడు, మామూలు చొక్కాతో. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గొంతు బాగా తగ్గించి, ఇక్కడ మాట్లాడితే ఇంట్లోకి వినపడుతుందా అని అడిగాడు. వినపడదన్నా కూడా, ఉన్నంతసేపూ గుసగుసగానే మాట్లాడాడు. ఆ నకలు పెట్టినవాణ్ణి తీసెయ్యమని బతిమాలాడట, అది తన గొంతు అని. "ఇప్పుడది నీది కాదు, అందరిదీ" అన్నాడట వాడు.

"నా కొట్టుకి వచ్చి ఆ మాటని రింగ్‌టోన్ పెట్టమంటున్నారు తాతగారూ. నా ఎదురుగా నిలబడి అడుగుతారు. నా గొంతని తెలీదు వాళ్ళకి."

"పెడుతున్నావా?"

"లేదు. పక్క కొట్టుకి పోతున్నారు."

అది నిజమే. ఆ వారంలోనే నేను మరల కోసం ఇనుప సామాన్ల షాపుకి పోయాను. నాకు బాగా తెలిసిన మనిషే. మరలు తూకం వేస్తుండగా అతని జేబులో ఫోన్లోంచి వచ్చింది, అత్తా తలుపు తియ్యి నేనే అని, తియ్యగా. అతను నా మొహం చూసి, ఇది మా అల్లుడి పని అన్నాడు. అత్తారింటికి వచ్చిన అల్లుణ్ణి బయట నిలబెట్టారట, ఎవడో కామెడీ వాడు చేశాడట, వాళ్ళింట్లో అది మోగినప్పుడల్లా వాళ్ళావిడ పడీపడీ నవ్వుతుందట. మరలు తీసుకుని వచ్చేశాను. అతను నవ్వుతున్నది ఎవరి మీదా కాదు.

వచ్చేటప్పుడు మా వీధి మొదట్లో ఆగి విన్నాను. ఎవరి ఫోనూ మోగడం లేదు. కానీ మోగుతుంది, ఎప్పుడో ఒకప్పుడు, మా గుమ్మం ముందుగా పోయే ఎవరిదో.

తర్వాత ఒక మధ్యాహ్నం పిట్ట సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. కంప్యూటర్ ముందు ఊరికే కూర్చుంది. నేను అన్నం తిని లేస్తున్నాను. మా ఆవిడ వచ్చి దాని కుర్చీ వెనక నిలబడింది.

"నువ్వు చేసింది చూపించు" అంది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ గొంతు. బొంగురుపోయింది.

పిట్ట నా వైపు చూసింది. నేను వద్దనలేదు, చూపించమనీ అనలేదు. చూడాలనుకున్నది ఆవిడ. పిట్ట ఏదేదో నొక్కి తెరిచింది. గొంతు రాకుండా చేసింది. మా ఆవిడకి అది తెలిసిపోయింది. "అది కూడా" అంది.

తెర మీద ఒక వీధి వచ్చింది. నాకు ఆటలు తెలీదు, చెక్కపని తెలుసు. ఆ వీధిలో తలుపులు బాగా వేసింది పిట్ట. బందులు పెట్టాల్సిన చోట పెట్టింది. ఎండ వాలుగా పడుతోంది. ఒక తీగ మీద పిల్లల గౌను ఆరేసి ఉంది. కోట్లు వేసుకున్నవాళ్ళు నలుగురు నడుచుకుంటూ వచ్చారు. మా ఆవిడ వంగి దగ్గరగా చూసింది.

"బొత్తాలు ఇట్లాగే ఉండేవి" అంది.

వాళ్ళలో ఒకడు ఒక ఇంటి ముందు ఆగాడు. పిలిచాడు. నేను ఆవిడ జబ్బ పట్టుకున్నాను. ఆవిడ కదల్లేదు. తెర మీద తలుపు తెరుచుకుంది. లోపల నల్లగా ఉంది.

"లోపలికి పో."

"పోవడానికి లేదమ్మమ్మా. తలుపు వరకే చేశాను. లోపల ఏమీ లేదు."

"లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

మా ఆవిడ ఆ నలుపు వైపు చూస్తూ నిలబడింది. "మరి ఎవర్ని పిలుస్తున్నారు?" అంది. నిలదీసినట్టు అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది.

పిట్ట రెండు చేతులతో మొహం కప్పుకుంది. కాసేపటికి చేతులు తీసి, చేస్తాను అమ్మమ్మా, లోపల కూడా చేస్తాను, మీ అమ్మా నాన్నా ఎట్లా ఉండేవారో నువ్వు చెప్పు, నేను గీస్తాను, లోపల మనుషులు కనపడితే ఎవరూ నవ్వరు, అంటూ పోయింది. మాటలు మాటల మీద పడుతున్నాయి.

"వద్దు" అంది మా ఆవిడ. "వాళ్ళని మళ్ళీ ఆ ఇంట్లో పెట్టకు. వీళ్ళు రోజూ వచ్చి పిలుస్తారు."

మా ఆవిడ మళ్ళీ తెర వైపు చూసింది.

"పిలిచినా తియ్యకుండా ఉండటానికి లేదా ఇందులో?"

"లేదమ్మమ్మా. పిలిస్తే తెరుచుకునేట్టే చేశాను."

మా ఆవిడ దాని తల మీద చెయ్యి వేసింది. ఆ ఆదివారం నుంచి పిట్ట దగ్గరికి వస్తే పక్కకి జరిగేది. "అంతేలే. పిలిస్తే తెరుచుకునేట్టే ఉంటుంది" అంది.

తెర ఆర్పెయ్యమంది. పిట్ట ఆర్పేసింది. ఇక ఆ ఆట జోలికి పోలేదు, అది నాకు తెలుసు. దానివల్ల బయట ఏమీ మారలేదు, అది కూడా తెలుసు.

ఆ సాయంత్రం మా ఆవిడ నాకు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. "రేపు కింది గడియ పెట్టండి" అంది.

"దేనికి?"

"పిలవనీ. ఈసారి తియ్యను."

మర్నాడు పొద్దున్నే షెడ్డులో మరల డబ్బా అడుగున వెతికాను. పెళ్ళయిన ఏడాది విప్పిన గడియ అక్కడే ఉంది. తుప్పు గీకి నూనె పట్టించాను. పిట్ట ప్రెస్సుకి వెళ్తూ కాసేపు నా పక్కన నిలబడి, వీధి వైపు పోకుండా వెనక సందులోంచి వెళ్ళిపోయింది. ఆవిడ వంగక్కర్లేకుండా గడియ నడుమెత్తున పెడదామనుకున్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, వేలితో కిందికి చూపించింది. చెక్క మేకులు తొలిచి తీశాను. పాత రంధ్రాల్లోనే పాత గడియ కూర్చుంది. ఆవిడ పీట తెచ్చుకుని తలుపు పక్కన వేసుకుని, దాని మీద కూర్చుని గడియ అటూ ఇటూ జరిపి చూసింది.

గడియ పట్టు బయటినుంచి నెట్టి చూడాలి. నేను వీధిలోకి వెళ్ళాను. లోపల గడియ పడిన చప్పుడయింది. ఎవరింట్లో బిగించినా ఇక్కడ నిలబడి, వేశారా అని అడగడం నాకు అలవాటు. అడగబోయి ఆగాను. అరచేత్తో నెట్టాను. పైన కొంచెం ఆడింది. కింద కదల్లేదు.

సందు చుట్టూ తిరిగి షెడ్డులోకి వచ్చాను. పెరటి తలుపులోంచి చూస్తే పీట మీదే ఉంది, చెయ్యి గడియ మీద ఉంది. క్లినిక్ తలుపు బల్ల మీద సగంలో ఉంది. చిత్రిక అందుకున్నాను.